దేవనహళ్ళి నేర్పిన పాఠములు

2008వ సంవత్సరము మే నెల 23వ తేది రాత్రి బెంగుళూరు నగరమునకు తూర్పుదిక్కున నున్న పాత విమానాశ్రయమున ప్రయాణికుల సందడి అణగిపోయెను. ఆ రాత్రియే నగరమునకు ఉత్తరమున, ఇంచుమించు 35 కిలోమీటరుల దూరమున, దేవనహళ్ళి చెంత క్రొత్త విమానాశ్రయము తలుపులు తెఱచెను. ఒక్క రాత్రిలో మహానగరముయొక్క ఆకాశద్వారము ఒక దిక్కునుండి మఱొక దిక్కునకు మాఱినది. ఇల్లు మాఱువాడు సామాను బండికెక్కించునపుడు పాతయింటి గోడలవంక ఒకసారి చూచుకొనును. నగరములకు అట్టి తీరిక యుండదు. మాఱిన మఱునాటినుండియే అవి క్రొత్తయింటి కొఱతలను లెక్కింప మొదలిడును.

ఈ పాతకథను ఇప్పుడేల యెత్తుకొంటిరని పాఠకులు మమ్ము ప్రశ్నింపవచ్చును. కారణము గలదు. దేవనహళ్ళి విమానాశ్రయము గుండ 2024-25వ ఆర్థిక సంవత్సరమున ప్రయాణించినవారు 4 కోట్లను మించిరి. నగరమునకు రెండవ విమానాశ్రయము కావలెనను మాట కర్ణాటక ప్రభుత్వపు పరిశీలనలోనికి వచ్చి, 2025 ఏప్రిలులో కేంద్ర విమానాశ్రయ సంస్థకు చెందిన నిపుణులు కనకపుర మార్గమున రెండు చోట్లను, నెలమంగల-కుణిగలు మార్గమున ఒకచోటును చూచిపోయిరి. ఎల్లకు ఆవల హోసూరు చెంత 2,000 ఎకరములలో, ఏటికి 3 కోట్ల ప్రయాణికులకు సరిపోవు విమానాశ్రయమును నిర్మింతుమని తమిళనాడు ముఖ్యమంత్రి 2024 జూన్ 27వ తేదిని శాసనసభలో ప్రకటించిరి. హోసూరు తెలుగువారు తరతరములుగా కాపురమున్న సీమ. అచట భూమి కొలుచు గొలుసు పడినచో అది మనవారి చేలమీదను పడును. కావున దేవనహళ్ళిలో జరిగినదేమి, జరుగవలసి జరుగనిదేమి యని నెమ్మదిగా విచారించుకొనుటకు ఇదియే తగిన సమయమని మేము తలంచుచున్నాము.

కర్మాగారమునకై పుట్టిన మైదానము

పాతదానిని నిందించుట న్యాయము గాదు. అది చేసిన సేవ చిన్నది గాదు. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్, మైసూరు సంస్థాన ప్రభుత్వపు తోడ్పాటుతో, హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీని బెంగుళూరున స్థాపించెను. అది రెండవ ప్రపంచయుద్ధము సాగుచున్న కాలము. మఱుసటి యేడు భారత ప్రభుత్వము అందు భాగస్వామియై, 1942లో నిర్వహణమును తన చేతిలోనికి తీసికొనెను. విమానములను కూర్చుటకును, మరమ్మతు చేసి యెగురవేసి చూచుటకును ఆ మైదానము ఏర్పడినది. ప్రయాణికులు తరువాత వచ్చినవారు. ఇంటి యజమాని కర్మాగారము. ప్రయాణికులు వసారాలో దిగిన అతిథులు. అతిథులు నలుగురైనంతకాలము ఏ చిక్కును లేదు. నలుగురు నాలుగువందలైనపుడు యజమానికిని ఇబ్బందియే, అతిథులకును ఇబ్బందియే.

1991 జనాభా లెక్కలలో బెంగుళూరు నగరసముదాయమున 41 లక్షలమంది యుండిరి. 2011 నాటికి వారు 85 లక్షలైరి. జనము రెండింతలు పెరుగగా విమానప్రయాణికులు అంతకు మించి పెరిగిరి. సాఫ్ట్‌వేరు వ్యాపారము విదేశీయులను రప్పించినది; మన పిల్లలను విదేశములకు పంపినది. 2003లో బెంగుళూరు కేంద్రముగా బయలుదేరిన ఎయిర్ డెక్కన్ కంపెనీ రైలు మొదటి తరగతి టిక్కెట్టుతో పోటీపడు ధరకు విమానపు టిక్కెట్టు అమ్మచూపెను. అంతవఱకు విమానమును తలయెత్తి చూచుటయే గాని యెక్కి యెఱుగని చిన్నయుద్యోగి కుటుంబముతో విమానమెక్కెను. మూతబడునాటికి పాత విమానాశ్రయము ఏటికి ఇంచుమించు కోటిమందిని మోయుచుండెను. అంతటి భారమునకై దానిని ఎవ్వరును కట్టలేదు.

పెంచుటకు చోటున్నదా యన్న అదియును లేదు. ఉన్నది ఒకే రన్‌వే. దానిపైననే ప్రయాణిక విమానములు, దానిపైననే కర్మాగారమువారి పరీక్షావిమానములు, దానిపైననే సైనిక విమానములు. ఒక ప్రక్క ఇందిరానగరము, మఱొక ప్రక్క మారతహళ్ళి, చుట్టును ఇండ్లు, కార్యాలయములు. బెంగుళూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటరుల యెత్తున నున్నది. ఎత్తుప్రదేశమున గాలి పలుచన. పలుచని గాలిలో రెక్కకు బలము తక్కువ. కావున విమానము మఱింత దూరము పరుగిడినగాని పైకి లేవదు. దూరదేశములకు నిండుబరువుతో పోవు పెద్దవిమానమునకు పొడవైన రన్‌వే కావలయును. దేవనహళ్ళిలో అది 4,000 మీటరుల పొడవున నిర్మితమైనది. పాతచోట అట్టిదానిని మఱొకదానిని పఱచవలెనన్న నగరమున ఒక పేటనే పెకలింపవలసి యుండెను.

నిర్ణయమునకు పట్టిన కాలము

మొదటి పాఠము కాలమును గూర్చినది. క్రొత్తచోటును వెదకుటకు 1991 మార్చిలో సంఘమేర్పడినది. కొలది నెలలలోనే దేవనహళ్ళి తగినదని తేలినది. ఎత్తైన చదునునేల, ప్రక్కనే హైదరాబాదునకు పోవు జాతీయమార్గము, చేరువలోనే రైలుదారి. చోటును ఎన్నుకొన్నవారి తెలివిని తప్పుపట్టుటకు వీలులేదు. 1995లో టాటావారు, అమెరికా దేశపు రేథియాన్ కంపెనీవారు, సింగపూరు చాంగీవారు కలిసి నిర్మించుటకు ముందుకు వచ్చిరి. అనుమతులు రాక, పాత విమానాశ్రయము గతి యేమగునో తేలక, 1998లో వారు విరమించుకొనిరి. 2001లో సీమెన్స్ నాయకత్వమున నున్న బృందము ఎంపికయ్యెను. దానితోడి కంపెనీలో సీమెన్స్‌కు 40 పాళ్ళు, జ్యూరిక్ విమానాశ్రయమువారికి 17, లార్సెన్ అండ్ టూబ్రోకు 17, కేంద్ర రాష్ట్ర సంస్థలకు చెఱి 13 పాళ్ళుగా వాటాలు కుదిరినవి. కేంద్రప్రభుత్వముతో ఒప్పందముపై సంతకములైనది 2004 జూలైలో. పని మొదలైనది 2005 జూలై 2వ తేదిని.

ఈ తేదులను వరుసగా నుంచి చూచినచో ఒక వింత కానవచ్చును. కట్టుటకు పట్టినది మూడేండ్లకు లోపు. కట్టుదుమని నిశ్చయించుకొనుటకు పట్టినది పదునాలుగేండ్లు. ఇటుకలు, సిమెంటు, ఇనుము మనలను ఆలస్యము చేయలేదు. దస్త్రము ఒక బల్లనుండి మఱొక బల్లకు నడచుటయే ఆలస్యము చేసినది. ఆ పదునాలుగేండ్లలో ఆ పల్లెల రైతు తన భూమిని అమ్ముకొనవలయునో, బావి త్రవ్వుకొనవలయునో, కూతురి పెండ్లికి దానిని తనఖా పెట్టవలయునో తెలియక కాలము గడపెను. ప్రభుత్వపు జాప్యమునకు వడ్డీ చెల్లించువాడు ఎల్లప్పుడును ఎవరో యొక అనామకుడే.

అంచనా తప్పిన అంకెలు

రెండవ పాఠము అంచనాలను గూర్చినది. మొదట ఏటికి 45 లక్షల మంది ప్రయాణికులు చాలునని లెక్కవేసిరి. నిర్మాణము సాగుచుండగనే అది చాలదని తెలిసి, కోటి పదిలక్షలకు పెంచిరి. తెఱచిన దినముననే భవనము ఇంచుమించు నిండియుండెనని చెప్పిన అతిశయోక్తి కాదు. 2013 డిసెంబరులో టెర్మినలును పెంచిరి. దానికి కెంపేగౌడ పేరిడినది కూడ ఆ నెలలోనే. 2019 డిసెంబరులో రెండవ రన్‌వే వచ్చెను. 2022 నవంబరు 11వ తేదిని రెండవ టెర్మినలు ప్రారంభోత్సవము జరిగెను. 2,55,000 చదరపు మీటరుల వైశాల్యమున, వెదురు కప్పులతో, వ్రేలాడు తీగెలతో, తోటలో నడచుచున్నట్లు కట్టిన ఆ భవనము చూడదగినదే.

అంచనా వేయువారిని మేము ఎగతాళి చేయదలచలేదు. రేపటి జనమును ఈనాడు లెక్కపెట్టుట జ్యోతిషమువంటి పని. అయినను ఒక తేడా గమనింపదగినది. భవనము తప్పినచో మఱొక భవనము కట్టవచ్చును. భూమి తప్పినచో దిద్దుట కష్టము. హైదరాబాదువారు శంషాబాదున సుమారు 5,500 ఎకరములను మొదటనే చేకొనిరి. బేగంపేటనుండి ప్రయాణిక విమానములు అచటికి మాఱినదియు 2008వ సంవత్సరము మార్చి 23వ తేదిననే, అనగా బెంగుళూరు కంటె రెండు నెలలు ముందుగా. దేవనహళ్ళికి లభించినది సుమారు 4,000 ఎకరములు. ఎక్కువ తీసికొన్నవారు మంచివారనియు తక్కువ తీసికొన్నవారు మందమతులనియు మేము చెప్పము. ఎక్కువ తీసికొన్నపుడు ఎక్కువమంది రైతులు నేలను కోల్పోదురు. విమానాశ్రయమునకు నిజముగా ఎంత కావలయును, దాని పేరు చెప్పి చుట్టును వ్యాపారమునకు ఎంత తీసికొనుచున్నారు అను రెండు లెక్కలను విడివిడిగా ప్రజలముందు పెట్టవలెననుటయే మా కోరిక. ఆ రెండును కలగలిసినచోటనే అనుమానము పుట్టును.

ముందు విమానము, తరువాత దారి

మూడవ పాఠము దారిని గూర్చినది. ఆకాశమున ముంబయినుండి బెంగుళూరికి వచ్చుటకు పట్టు కాలము కంటె, దేవనహళ్ళినుండి జయనగరము చేరుటకు పట్టు కాలము ఎక్కువయగుట ఈ నగరమున పలువురి అనుభవము. విమానాశ్రయము తెఱచిననాడు దానికి పోవు బళ్ళారి మార్గము సామాన్యమైన రహదారి. హెబ్బాళ వంతెన సీసామూతివలె ఇరుకు. ఎత్తుమార్గము పూర్తియగునాటికి 2014వ సంవత్సరము వచ్చెను. విమానాశ్రయపు గోడప్రక్కనే పోవుచున్న రైలుదారిపై చిన్నమజిలీ యొకటి ఏర్పడి, 2021 జనవరిలో తొలి బండి ఆగెను. మెట్రోదారికి కేంద్ర మంత్రివర్గపు ఆమోదము లభించినది 2021 ఏప్రిలులో, అనగా విమానాశ్రయము పుట్టిన పదుమూడేండ్లకు. 2021 అక్టోబరు 11వ తేది రాత్రి కుండపోతగా వాన కురియగా, టెర్మినలు ముంగిట నీరు నిలిచి, సూటుబూటులు ధరించిన ప్రయాణికులు ట్రాక్టరు లెక్కి లోనికి పోయిరి. ఎవరి భూమి తీసికొని విమానాశ్రయము కట్టిరో ఆ రైతుల వాహనమే ఆనాడు ప్రయాణికులను గట్టెక్కించెను. ఇందలి చమత్కారమును మేము విడమఱచి చెప్పనక్కఱలేదు.

పాత విమానాశ్రయము ఊరిలో నుండెను, క్రొత్తది ఊరివెలుపల. ఈ తేడా ధనవంతునకు పెట్రోలు ఖర్చు మాత్రమే. టిక్కెట్టు ధర తగ్గినందున క్రొత్తగా విమానమెక్కుటకు వచ్చిన చిన్నజీతగాడికి, టిక్కెట్టులో మిగిలినది టాక్సీలో పోయినది. విమానాశ్రయమున పనిచేయు తుడుపుగత్తె, కాపలావాడు, మూటలెత్తువాడు మొదలగువారు ఏ దారిని వచ్చెదరో దారుల పటము గీయువారు ఆలోచించినట్లు కానరాదు. రైలుగాని మెట్రోగాని విమానాశ్రయముతో కూడ పుట్టవలెనే గాని, దానికి మనుమలవలె పుట్టరాదు.

నూటయేబది కిలోమీటరుల గీత

నాలుగవ పాఠము మిగిలినవానికంటె బరువైనది. పాత విమానాశ్రయమును మూయవలెనా వలదా యని 2008లో పెద్ద వివాదము నడచినది. నగరమున పలువురు, ఉన్నదానిని దగ్గఱి ప్రయాణములకైన నుంచుడని కోరిరి; ఉద్యోగులు బేగంపేట, బెంగుళూరు రెండింటి మూసివేతకును వ్యతిరేకముగా ఆ మార్చిలో సమ్మె చేసిరి; న్యాయస్థానములకును పోయిరి. మార్చి 30న తెఱవవలసిన దేవనహళ్ళి మే 24 వఱకు జరుగుటకు విమానసంచార నియంత్రణపు ఏర్పాట్లు సిద్ధము కాకపోవుట కారణమయ్యెను. తుదకు ఒప్పందమే నెగ్గెను. పాతచోట సైనిక, పరీక్షా విమానములును, కొలదిగా సొంతవిమానములును మాత్రమే నిలిచినవి.

ఒప్పందమున మఱొక నిబంధనము గలదు. విమానాశ్రయము తెఱచిన నాటినుండి 25 సంవత్సరములవఱకు, 150 కిలోమీటరుల ఆకాశదూరము లోపల మఱొక విమానాశ్రయమును క్రొత్తగా నిర్మించుటకు గాని, ఉన్నదానిని పెంచుటకు గాని కేంద్రము అనుమతింపరాదు. మైసూరు, హాసనములకు మాత్రము మినహాయింపు గలదు. ఆ గడువు 2033 వఱకు నడచును. దీనికి న్యాయము లేకపోలేదు. వేలకోట్లు పెట్టువాడు, రేపు తన వాకిట మఱొక దుకాణము తెఱవరని హామీ కోరును. అట్టి హామీ లేనిదే బ్యాంకు అప్పీయదు. ఈ వాదము మాకు తెలియును. అయినను ఆ గీత యెవరెవరి గుమ్మములమీదుగా పోవుచున్నదో చూడుడు. హిందూపురము, పెనుగొండ ఆ గీతలోపలివి. 2019లో పెనుగొండచెంత కొరియావారి కార్ల కర్మాగారము ఉత్పత్తి ప్రారంభించినది. అచటివారికి ఆకాశద్వారము దేవనహళ్ళియే. హోసూరు ఆ గీతలోపలిది. ఒప్పందముపై సంతకము చేసినది కేంద్రప్రభుత్వము. తమిళనాడు ప్రభుత్వము ఆ ఒప్పందమున పక్షము గాదు. ఢిల్లీలో చేసిన సంతకమునకు హోసూరు కట్టుబడవలెనా? కట్టుబడవలెనన్నచో, సంతకమునకు ముందు హోసూరును అడిగినవారెవరు?

హోసూరు గులాబీలను తలంచుకొందము. ఆ తోటల పూవులు విదేశములకు ఎగుమతి యగుచున్నవి. తెల్లవాఱుజామున కోసిన పూవు నగరమునకు దక్షిణపుటంచున బయలుదేరి, నగరమునంతను దాటి, ఉత్తరపుటంచున నున్న దేవనహళ్ళి చేరవలయును. దారిలో గడచు ప్రతి గంటయు రేకుపై వ్రాయబడును. పూల రైతునకు చేరువలో విమానాశ్రయము కావలయును. అతని పొరుగున నున్న రాగి రైతునకు తన నేల కావలయును. ఈ రెండు న్యాయములను ఒకేచోట నిలిపి తూచుటయే రాజ్యతంత్రపు పని. ఒకదానిని చూపి మఱొకదానిని దాచుట రాజ్యతంత్రము గాదు.

మన పల్లెలు, మన మాట

దేవనహళ్ళి యనగా మనలో పెక్కండ్రకు టెర్మినలు ముందఱి వరుసలు, కాఫీ దుకాణము, సామాను తిరుగు పట్టీ మాత్రమే. ఆ యూరికి అంతకు ముందు ఐదువందల యేండ్ల చరిత్ర గలదు. 1501లో మల్లబైరేగౌడ కట్టిన కోట, టిప్పుసుల్తాను జన్మస్థానమను ఖ్యాతి, దానికి కలవు. చేరువలోనే ఆవతి. కెంపేగౌడ పూర్వులు వలసవచ్చి నిలిచినది ఆ యూరనే. బెంగుళూరు నగరమును నిర్మించిన ఆ కెంపేగౌడ తెలుగున ఒక యక్షగానము రచించెనని ప్రతీతి. ఎవని పేరున విమానాశ్రయము వెలసినదో ఆ కన్నడ ప్రభువు తెలుగును తన యింటిభాషవలె నెఱిగినవాడన్న మాట. ఇచ్చట భాషలు గోడలుగా లేవు. ఒకే పెరటిలోని రెండు చెట్లుగా నున్నవి. దేవనహళ్ళి మొదలుకొని చిక్కబళ్ళాపురము, చింతామణి, బాగేపల్లి, కోలారు, ముళబాగిలు వఱకు తెలుగు ఇంటిభాషగా గల కుటుంబములు పల్లెపల్లెనను కలవు. కైవార తాతయ్య తెలుగున తత్త్వములు పాడినది ఈ సీమలోనే.

ఈ నేల పంటలు రాగి, ద్రాక్ష, కూరగాయలు, పట్టుపురుగులకు మల్బరీ. దేవనహళ్ళి పంపరపనసకు భౌగోళిక గుర్తింపు సైతము లభించినది. నదులు లేని సీమ. చెఱువులు, బావులు, తరువాత గొట్టపుబావులు, వీనిపై చెమటోడ్చి చేసిన సేద్యము. విమానాశ్రయము వచ్చిన తరువాత దాని నీడలో మఱి కొంత భూమి అడుగబడెను. దేవనహళ్ళి తాలూకా చన్నరాయపట్టణ హోబళిలోని 13 గ్రామములలో 1,777 ఎకరములను విమానపరిశ్రమల ఉద్యానమునకై తీసికొందుమని 2022 జనవరిలో ప్రకటన వెలువడెను. ఆ యేటి ఏప్రిలునుండి రైతులు కూర్చుండిరి. ఎండకు కూర్చుండిరి, వానకు కూర్చుండిరి. 1,198 దినములు కూర్చుండిరి. 2025 జూలై 15వ తేదిని ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఆ భూసేకరణమును విరమించుచున్నట్లు ప్రకటించిరి. తమంతట తాము ఇచ్చువారి భూమిని మాత్రము తీసికొందుమనిరి.

ఈ విజయమును మేము అభినందించుచున్నాము. కాని మూడేండ్లకు పైగా రైతును రోడ్డుపై కూర్చుండబెట్టి, అటుపిమ్మట అతని మాట సరియైనదని యొప్పుకొనుట ఏమి పరిపాలన? ఆ మాటను మొదటి నెలలోనే యేల అడుగలేదు? 2013 నాటి భూసేకరణ చట్టము ప్రకారము ప్రభుత్వమును ప్రైవేటువారును కలిసి చేయు పనులకు నూటికి 70 మంది నేలగలవారి సమ్మతి కావలయును. సమాజముపై దాని ప్రభావమును ముందుగా విచారింపవలయును. రాష్ట్రమున 1966 నాటి పారిశ్రామిక ప్రదేశముల చట్టము మార్గమున పోయినచో ఆ సమ్మతి అవసరము లేదు. పెద్దదారి యుండగా ప్రక్కసందున పోవువాని చేతిలో నేమున్నదో యని లోకము అనుమానించుట సహజము. తమిళనాడున పరందూరు విమానాశ్రయపు ప్రతిపాదనము వెలువడిన 2022నుండి ఏకనాపురము గ్రామస్థులు తెలుపుచున్న నిరసనయు ఈ పాఠమునే చెప్పుచున్నది.

రేపటి పనికి నేటి సూచనలు

విమానాశ్రయములు వలదని మేము చెప్పుటలేదు. పాతదానిలో ఇమడక క్రొత్తది కట్టుకొనుట నగరమునకు తప్పనిసరి. దేవనహళ్ళి లేకున్న బెంగుళూరు ఈనాటి బెంగుళూరు గాదు, ఈ పుటను చదువుచున్నవారిలో సగముమంది ఇచ్చట నుండరు. కాని చేసిన తప్పునే మఱల చేయుటకు అనుభవమెందులకు? హోసూరున గాని, కనకపురమున గాని, నెలమంగలయందు గాని పని మొదలు పెట్టువారు ఈ క్రింది మాటలను ఆలకింపవలెనని మా మనవి.

మొదటిది: ఆకాశమును ముందు తేల్చుకొని, తరువాత భూమిని అడుగుడు. యలహంకలోని వైమానికస్థావరము దేవనహళ్ళికి చేరువ యగుటచే, అచట వైమానిక ప్రదర్శనము జరిగినప్పుడెల్ల దేవనహళ్ళి విమానములు గంటలకొలది ఆగవలసి వచ్చుచున్నది. హోసూరు ఆకాశము పాత హెచ్.ఎ.ఎల్. మైదానపు ఆకాశమునకు చేరువ. పైన దారి లేదని కడపట తెలిసికొనుటకై క్రింద రైతును కదలించుట అన్యాయము.

రెండవది: 150 కిలోమీటరుల నిబంధనమును గూర్చి కేంద్రము, రెండు రాష్ట్రములు, కంపెనీవారు ఒకచోట కూర్చుండి, 2033కు ముందు ఏమి సాధ్యమో తరువాత ఏమి సాధ్యమో బహిరంగముగా చెప్పవలయును. చెప్పనంతకాలము భూమి ధరలతో జూదమాడువారికే లాభము. విమానాశ్రయము ఎచట వచ్చునో ముందుగా నెఱిగినవాడు కొనును, ఎఱుగనివాడు అమ్మును. ఎఱిగినవాడు పల్లెవాడు కాడని మనకందఱకు తెలియును.

మూడవది: భూమి యిచ్చినవానికి సొమ్ము మాత్రమే చేతిలో బెట్టి పంపివేయుట తగదు. చేతిలోని సొమ్ము పెండ్లికి, అప్పులకు, ఇంటికి కరగిపోవును. నేల విలువ మాత్రము ఏటేట పెరుగుచుండును. నవీ ముంబయి విమానాశ్రయమునకు భూమి యిచ్చినవారికి, అభివృద్ధిచేసిన భూమిలో నూటికి 22.5 వంతులు తిరిగి యిచ్చు పద్ధతి ఏర్పడినది. అట్టి పద్ధతిని మెఱుగుపఱచి ఇచ్చటను అమలు జరుపవలయును. కౌలుదారును, పొలమున కూలి చేయువాడును కూడ ఈ లెక్కలోనికి రావలయును. పత్రములేనివాని నష్టము కూడ నష్టమే.

నాలుగవది: ప్రకటనలు ఆ పల్లెవారు చదువగల భాషలో నుండవలయును. ఎల్లసీమలో తమిళము రాజభాష కావచ్చును, కన్నడము రాజభాష కావచ్చును. అందు మాకు వివాదము లేదు. కాని తరతరములుగా తెలుగే చదివి వ్రాసికొనుచున్న ముదుసలి రైతునకు, తన సర్వే నెంబరు ఏ కాగితమున నున్నదో, అభ్యంతరము తెలుపుటకు ఎన్ని దినముల గడువున్నదో తెలియకపోయినచో, ఆ చట్టము అతని విషయమున లేనట్లే. ప్రకటనకు తెలుగు ప్రతిని జతచేయుటకు అయ్యెడు ఖర్చు, టెర్మినలులో ఒక కుర్చీ ఖర్చంత యుండదు.

అయిదవది: రైలు లేనిదే రన్‌వే వలదు. రెండింటికిని ఒకేనాడు శంకుస్థాపనము, ఒకేనాడు ప్రారంభోత్సవము జరుగవలయును.

తుదిగా ఈ నగరమున ఉన్నతోద్యోగములలో నున్న మనవారితో ఒక మాట. నెలకు రెండు మూడు మారులు దేవనహళ్ళినుండి ఎగిరిపోవువారు మనలో పలువురున్నారు. మనలో ఇంజనీర్లు కలరు, న్యాయవాదులు కలరు, లెక్కలు తెలిసినవారు కలరు. భూసేకరణ ప్రకటన వెలువడిననాడు పల్లెవారికి కావలసినది మన సానుభూతి గాదు. ఆ ప్రకటనను చదివి అర్థము చెప్పువాడు కావలయును, అభ్యంతరపత్రము వ్రాసిపెట్టువాడు కావలయును, పరిహారపు లెక్క సరియైనదా కాదా యని కూడి తీసివేసి చూపువాడు కావలయును. నెలకొక ఆదివారము హోసూరు పల్లెలకు పోయి రచ్చబండమీద కూర్చుండుట మనకు పెద్దపని గాదు. బెంగుళూరునుండి ఆ పల్లెలకు దారి గంటన్నర; విమానమునకు ముందుగా చేరి మనము కాచుకొని కూర్చుండు కాలమును అంతకంటె తక్కువ కాదు.

దేవనహళ్ళి రన్‌వేపై విమానము లేచునపుడు కిటికీ ప్రక్కన కూర్చుండినవారికి క్షణకాలము ఎఱ్ఱనేలలు, ద్రాక్షపందిళ్ళు, చిన్నచెఱువులు కనబడి మఱుగైపోవును. ఈసారి ఎగురునపుడు ఆ క్షణమున పత్రికను ప్రక్కనబెట్టి ఆ నేలను చూడుడని పాఠకులను మేము కోరుచున్నాము. ఆ చేలలో ఒకటి తనదై యుండెనని చెప్పువాడు ఆ విమానాశ్రయపు వాకిటనే కాపలాకాయుచు నుండవచ్చును. అతడు మన భాషలోనే మాటాడునేమో అడిగి చూచుటలో తప్పులేదు.